ఆడ ఎలుకకు డోసు ఉండదు

ఎలుక వీర్యకణం తల కొడవలిలా వంగి ఉంటుంది. మనిషిది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నాకు నేర్పిన వాటిలో ఇది మూడోది. మొదటిది చేతులు కడుక్కోవడం. రెండోది ఎలుకను తోక మొదట్లో పట్టుకోవడం.

మా ల్యాబు హైవే నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. బోర్డు మీద ఏం రాసి ఉన్నా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు దాన్ని ఎలుకల కంపెనీ అనే అంటారు. అందులో తప్పేమీ లేదు. ఫ్యాక్టరీల్లో వాడే రసాయనాలు ఒంట్లోకి పోతే ఏం చేస్తాయో అక్కడ ముందు ఎలుకల మీద చూస్తారు. నేను పనిచేసే విభాగం మగ ఎలుకల సంతానశక్తిని చూస్తుంది. నేను ఫార్మసీ చదివాను. లెక్కపెట్టడం, తూకం వేయడం, రాయడం నా పని.

నేను చెప్పబోయే స్టడీలో మగ ఎలుకలు నాలుగు గుంపులు. ఒక గుంపుకు ఉత్త నీళ్లు. మిగిలిన మూడింటికి నీళ్లలో కలిపిన రసాయనం, తక్కువ, మధ్యరకం, ఎక్కువ. రోజూ పొద్దున అదే వేళకు ఒక్కో ఎలుకను తూచి, దాని బరువును బట్టి లెక్కగట్టి, మొన మొద్దుగా ఉండే సన్నని గొట్టంతో నేరుగా కడుపులోకి పంపాలి. అలా డెబ్బై రోజులు. ఎలుకలో వీర్యకణం మొదలైన నాటి నుంచి పూర్తిగా తయారయ్యే దాకా దాదాపు అంత కాలం పడుతుంది కాబట్టి డెబ్బై. ఎక్కువ డోసు గుంపులోంచి కొన్నింటిని చివర్లో పక్కకు తీస్తారు. వాటికి డోసు ఆపి, మరో డెబ్బై రోజులు తిండి, నీళ్లు మాత్రమే ఇస్తారు. పోయింది తిరిగొస్తుందా లేదా అని చూడటానికి.

డోసు పూర్తయ్యాక ఒక్కో మగదాన్ని ఒక్కో ఆడదాని పక్కన వదులుతాం. ఆ ఆడ ఎలుకలకు డోసు ఉండదు. ఒక్క చుక్క కూడా తగలకూడదు. కడుపు రాకపోతే లోపం ఎటు నుంచి వచ్చిందో అనుమానం లేకుండా తెలియాలి, అందుకు. మొదటి ఆడదానికి కడుపు రాకపోతే ఆ మగదాని పక్కన రెండో ఆడదాన్ని పెడతాం. అది అంతకుముందు ఒకసారి ఈనినదై ఉండాలి. బోనుకు తగిలించే కార్డు మీద ‘రెండవ ఆడ, కన్నది’ అని రాస్తాం. నా చేతిరాత బాగుంటుందని ఆ కార్డులన్నీ నాకే ఇచ్చేవారు.

చివరికి ఎలుకలను చంపి, కావలసిన భాగాలు తీసి తూస్తాం. వీర్యాన్ని గళ్ల గీతలున్న గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద లెక్కపెడతాం. ఈ పని నాకు ఇష్టమని చెప్పను, అసహ్యమనీ చెప్పను. ఎలుకల గదిలో ఎప్పుడూ ఒకే వేడి, ఒకే వెలుతురు. బయట ఎండాకాలమో వానాకాలమో లోపల తెలిసేది కాదు. రెండేళ్లలో నేనూ కొంత అలాగే తయారయ్యానని ఇప్పుడు అనిపిస్తుంది.

స్టడీలో రసాయనం పేరు మాకు చెప్పరు. డబ్బా మీద ఒక నంబరు ఉంటుంది. కానీ వాసన ఉంటుంది. ఈ నంబరుది సన్నగా, తియ్యగా, రంగు డబ్బా అప్పుడే తెరిచినట్టుండే వాసన.

మా ఊరు భువనగిరికి బస్సులో ముప్పావుగంట. చేనేత ఊరు. బాపు, అంటే మా నాన్న, మగ్గం నేస్తాడు, నూలుకు రంగులు అద్దుతాడు. అమ్మ ఆసు పోస్తుంది, అంటే నేతకు కావలసిన నూలును చెక్క మేకుల చుట్టూ తిప్పి పేరుస్తుంది. వదిన చిటికి కడుతుంది. గ్రాఫు కాగితం మీద గీసిన డిజైను చూసుకుంటూ, నూలులో రంగు అంటకూడని చోటల్లా సైకిలు ట్యూబు పీలికతో బిగించి కట్టడాన్ని చిటికి అంటారు. ఒక్క గడి తప్పితే చీరలో పువ్వు విరుగుతుంది. వదిన కట్టిన దాంట్లో పువ్వు విరగడం నేను చూడలేదు.

అన్న మగ్గం వదిలేసి కెమికల్ కంపెనీకి పోతున్నాడు. అక్కడ డ్రమ్ముల నుంచి ద్రావకాలను పెద్ద పాత్రల్లోకి పోయించే సెక్షన్. ఆదివారాలు మాత్రం బాపుతో కలిసి రంగులు అద్దేవాడు. నీలం, ఎరుపు మోచేతుల దాకా ఎక్కేవి. సబ్బుకు పోవు. సోమవారం కంపెనీ క్యాంటీన్లో అందరూ వెక్కిరించేవాళ్లట.

“ఏందిరా, మీ ఇంట్ల హోళీ ఇంక ఒడ్వలేదా?”

“వాని చేతులు జూడుండ్రి, నీలి నక్కోలె ఉన్నడు.”

అందుకని అన్న కంపెనీ నుంచి ఒక నీళ్ల సీసాలో ద్రావకం తెచ్చుకున్నాడు. ఆదివారం సాయంత్రం దూదితో అరచేతులకు, వేళ్లకు, మోచేతులకు రాసుకునేవాడు. రెండు నిమిషాల్లో రంగంతా పోయేది. బాపుకు కూడా రాసేవాడు. సీసా అయిపోతే ఇంకొకటి. ఇలా నాలుగేళ్లు. కంపెనీలో గ్లవ్స్ వేసుకుని పట్టుకునే దాన్ని ఇంట్లో ఉత్త చేతులకు రుద్దుకున్నారు. బాపుకు అప్పటికే ఇద్దరం పుట్టి ఉన్నాం. అన్నకు పెళ్లయి ఐదేళ్లయినా పిల్లలు లేరు.

ఐదేళ్లు అంటే మా అమ్మకు చాలా ఎక్కువ. ఆసు ముందు కూర్చుని, పక్కింటావిడ వినేట్టు అనేది.

“మగ్గం మంచిదే, నూలు మంచిదే. బట్టనే దిగుతలేదు. ఏం జేత్తం.”

వదిన చిటికి మీద నుంచి తల ఎత్తకుండానే అనేది. “నేసెటోన్ని గూడ జర అడుగు అత్తమ్మా.”

పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. బాపు దగ్గేవాడు. మొదట్లో ఇవి నవ్వుకునే మాటలే. నాలుగో ఏడు దాటాక అమ్మ నవ్వడం మానేసింది.

ఒక ఆదివారం అన్న నా పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు. చేతులు అప్పుడే తుడుచుకుని వచ్చాడు. పప్పు గిన్నె నా వైపు జరిపినప్పుడు ఆ వాసన వచ్చింది. నేను తినడం ఆపాను. వాసన రుజువు కాదు. అది కూడా నాకు నేర్పారు.

“అన్నా, గా సీసాల ఏముంది?”

“థిన్నరు.”

“ఏ థిన్నరు?”

“థిన్నర్ల ఏ థిన్నరేందిరా? రంగు పోతాందా లేదా?”

“రేపు డ్రమ్ము మీది కాయితం ఫోటో కొట్టి పంపు.”

మర్నాడు పంపాడు. సగం బొటనవేలే ఉంది. మళ్లీ అడిగాను. రెండోసారి పేరు కనిపించింది. ల్యాబులో మాకు పేరు చెప్పరన్నాను కదా. కానీ ఒంటి మీద పడితే ఏం చేయాలో రాసిన కాగితం ఒకటి గోడకు వేలాడదీసి ఉంటుంది. దాని మీద పేరు కొట్టేసి ఉన్నా, మరిగే వేడి, బరువు, మండే గుణం ఉంటాయి. అన్న పంపిన పేరును ఫోన్లో వెతికితే అవే అంకెలు వచ్చాయి. అన్నీ కలిశాయి. అప్పటికి మా ఎలుకల్లో ఎక్కువ డోసు గుంపు పక్కన రెండో ఆడవాటిని పెట్టే పని మొదలైంది.

మా సెక్షన్ పెద్దాయన తలనెరిసిన మనిషి. మాటల్లో మాటగా, పేర్లు లేకుండా అడిగాను. “సార్, ఇదే మనుషులకైతే ఎట్ల ఉంటది?”

“ఎలుక మనిషి కాదు,” అన్నాడాయన. మళ్లీ ఆయనే, “కానీ మనిషి మీద చూడలేకనే గదా ఎలుక మీద చూస్తున్నం,” అన్నాడు.

అన్నను భువనగిరిలో పరీక్షకు తీసుకుపోయాను. బస్టాండు దగ్గర మెట్ల మీది చిన్న సెంటరు. చిన్న డబ్బా ఇచ్చి బాత్రూం చూపించారు. తలుపుకు గొళ్లెం లేదు. నేను బయట నిలబడి తలుపు పట్టుకున్నాను.

“నువ్వు ఆడ నిలవడితే ఎట్లయితదిరా?” లోపలి నుంచి అన్న.

“నేను పోతే ఎవలన్న తలుపు నూకుతరు.”

“అయితే ఏదన్న చప్పుడు చెయ్యి. పాట పాడు.”

నాకు పాటలు రావు. పదిహేడో ఎక్కం చదివాను. అది అయిపోయాక పందొమ్మిదోది. బెంచీ మీద కూర్చున్న ముసలాయన నన్ను చూసి, “పరీచ్చలా బిడ్డా?” అన్నాడు. అవునన్నాను.

రిపోర్టులో చూడాల్సినవి మూడు వరుసలు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని కదులుతున్నాయి, ఎన్ని సరైన ఆకారంలో ఉన్నాయి. మూడూ పక్కన అచ్చు వేసిన హద్దుకు చాలా కింద ఉన్నాయి. అంకెలు రాయను. అవి అన్నవి.

మెట్లు దిగుతూ అడిగాడు. “ఫెయిలా?”

“తక్కువ.”

“నువ్వు ఎలుకలకు పెట్టేది గిదేనా?”

“గిదే అనుకుంటున్న. గాని దీంతోనే అయిందని చెప్పరాదు. ఇంకేదన్న కారణం ఉండొచ్చు. ఒక్క పరీక్షతోని తేలది. మూడు నెల్లు దానికి దూరం ఉండి మళ్ల జేపిద్దం. తిరిగొస్తే రావచ్చు.”

“మూడు నెల్లు పని బంద్ వెడితే ఇంట్ల ఏం చెప్పాలె?”

“వేరే సెక్షన్ అడుగు. సీసా పారెయ్యి. వదినెకు చెప్పు.”

“చెప్త. నేనే చెప్త. నువ్వు నోరు తెరవకు. అమ్మ మీద ఒట్టెయ్యి.”

రోడ్డు మీద నిలబడి నా చేయి తన నెత్తి మీద పెట్టించుకున్నాడు. అమ్మ మీద ఒట్టంటూ తన నెత్తి మీద ఎందుకు పెట్టించుకున్నాడో నేను అడగలేదు. సరే అన్నాను.

అన్న వదినకు చెప్పలేదు. సీసా రెండు వారాలు కనిపించలేదు. మూడో ఆదివారం మళ్లీ గూట్లో ఉంది. సెక్షన్ మారుస్తామన్నారు, వచ్చే నెల అన్నారు అని చెప్పేవాడు. అడిగిన తేదీలు నేను ఫోన్లో రాసుకున్నాను. నాలుగుసార్లు అడిగాను. ఐదోసారి ఆపేశాను. ఎందుకు ఆపానో ఆ పక్కన ఏమీ రాసుకోలేదు.

అలా నాలుగు నెలలు పోయాయి. ఆ నెలల్లోనే అమ్మ వదినను నల్లగొండ దవాఖానకు పంపింది. అక్కడ పేరున్న డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు. గర్భసంచిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో తెలుస్తుంది. అన్నకు షిఫ్టు. అమ్మకు మోకాళ్లు. ఇంగ్లీషు రిపోర్టు చదవగలవు కదా అని నన్ను బండి మీద పంపారు.

నర్సు ఫారం నింపుతూ నన్ను చూసింది. “భర్తా?”

“మా మరిది,” అంది వదిన.

“మీ ఆయనకు పరీక్ష అయిందా? మొదలు ఆయనకు జెయ్యాలె. గది అల్కటి పని.”

“ఆయనకేం లేదమ్మా, మంచిగనే ఉంటడు. కంపెనీల చేస్తడు.”

అన్న రిపోర్టు ఫోటో నా ఫోన్లో ఉంది. ఫోన్ నా చొక్కా జేబులో ఉంది. నర్సు ఫారం మీద ఒక గీత గీసి పక్కన పెట్టింది.

లోపల ఇరవై నిమిషాలు పట్టింది. ఒకసారి వదిన గొంతు వినిపించింది. బయటికి వచ్చాక గోడ పట్టుకుని నడిచింది. తిరుగు ప్రయాణంలో బండి మీద పక్కకు తిరిగి కూర్చుంది.

“మెల్లగ పోనియ్యి తమ్మీ. గుంతలల్ల జర మెల్లగ.”

ముప్పై దాటకుండా నడిపాను. నార్కట్‌పల్లి చౌరస్తాలో చాయ్ తాగాం. రామన్నపేట దగ్గర రైలు గేటు పడితే ఆగాం. వలిగొండ దాటాక ఆమెకు తల తిరిగితే కాలువ గట్టు మీద కాసేపు కూర్చున్నాం. చెప్పడానికి వీలున్న చోట్లు ఇవి మూడు. రైలు గేటు దగ్గర ఇద్దరం ఊరికే నిలబడ్డాం. గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టాను.

రిపోర్టులో నాళాలు బాగున్నాయని వచ్చింది. అమ్మకు చదివి చెప్పాను.

“ఎక్స్‌రేలకు దోషాలు కనవడ్తయా?” అంది అమ్మ.

ఆ తర్వాత మా మేనమామ అన్నకు ఇంకో సంబంధం తెచ్చాడు. కృష్ణ ఒడ్డున ఆత్మకూరు వైపు పిల్ల. మొదటి భర్త చనిపోయాడు. ఒక బాబు ఉన్నాడు. అమ్మ ఆ విషయం వంటింట్లో నాకు చెప్పింది.

“కన్న పిల్లరా. ఫికరు లేదు. ఒక్క కాన్పు అయినోళ్లకు ఇంకొకటి ఎంతసేపు?”

ఆ వారమే నేను ‘రెండవ ఆడ, కన్నది’ కార్డులు చివరివి బోన్ల నుంచి తీసి ఉన్నాను. అమ్మ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ల్యాబులో ఆ రెండో ఆడవాటికి కూడా కడుపులు రాలేదన్న సంగతి మాత్రం గుర్తొచ్చింది. నీళ్లు తాగి గ్లాసు కడిగి బోర్లించాను.

వచ్చే ఆదివారం అన్నకు, వదినకు ఇడుపు కాయితం రాయాలని నిర్ణయించారు. భార్యాభర్తలు విడిపోయారని రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుని స్టాంపు కాగితం మీద రాయించే పత్రం అది. కోర్టులో అది చెల్లుతుందో లేదో మా ఊళ్లో ఎవరూ ఆలోచించరు. అది రాశాక ఆడపిల్ల పుట్టింటికి పోతుంది. ఆ కాగితంలో ఏం రాసి ఉంటే ఊరు ఆమెను అలాగే చూస్తుంది.

శనివారం మధ్యాహ్నం నాకు సెలవు. ఇంట్లో అమ్మ లేదు. వదిన ముందు గదిలో చిటికి కడుతోంది. రేపు పొమ్మంటారని తెలిసి కూడా కడుతోంది. ఎదురుగా గోడకు గ్రాఫు కాగితం.

“వదినా, అది ఇప్పుడెందుకు?”

“సగం గట్టినదాన్ని ఇంకొకలు కడితే లెక్క కలువది తమ్మీ. పూర్తి జేసే పోత.” పీలిక పంటితో తెంపింది. “నువ్వు కంపెనీల ఏం లెక్కవెడ్తవ్? ఎన్నడు అడుగనేలేదు.”

చెప్పాను. గాజుపలక గురించి చెబితే నమ్మలేదు. కాబట్టి గ్రాఫు మీద చూపించాను. ఇలాంటి గళ్లే, కంటికి కనపడనంత చిన్నవి, ఒక్కో గడిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి అన్నాను.

“గీత మీద పడ్డదాన్ని ఏం జేస్తవ్? ఈ గడిదా, ఆ గడిదా?”

రెండేళ్లలో ల్యాబుకు కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరూ అంత తొందరగా ఆ ప్రశ్న అడగలేదు. “పై గీత, ఎడమ గీత మీద పడ్డవి లెక్కకొస్తయి. కింది గీత, కుడి గీత మీదివి రావు.”

“మాది గూడ గంతే. ఒక దిక్కు వట్టుకోవాలె, లేకుంటే రెండుసార్లు కడ్తం.” రెండు ముడులు వేసింది. “మరి ఆడెలుకకు ఏం వెడ్తరు?”

“ఏం వెట్టరు. ఆడెలుకకు డోసుండదు.”

“ఎందుకు?”

“తప్పు ఎవలిదో తేలాలె గదా.”

ఆమె చేయి ఆగింది. నన్ను చూడలేదు, గ్రాఫునే చూస్తోంది. “మగదానిదని తేలిందా?”

“తేలింది.”

“ఎలుకల సంగతి కాదు తమ్మీ.”

చెప్పాను. సీసా, డ్రమ్ము మీది పేరు, బస్టాండు దగ్గరి సెంటరు, మూడు వరుసలు. ఇది దాని వల్లే అని చెప్పలేమని, మళ్లీ పరీక్ష చేయించలేదని కూడా చెప్పాను. ఫోన్లో ఫోటో చూపించాను. అంకెలున్న చోట వేలు పెట్టి, ఒక్కోటి పక్కనున్న హద్దుతో పోల్చుకుంటూ చూసింది. నేను వివరించాల్సింది ఏమీ మిగలలేదు.

“ఎన్నటిసంది ఎరుక?”

“నాలుగు నెల్లు.”

“ఆయనకు?”

“అదే దినం.”

“నన్ను నల్లగొండకు తీస్కపోయిన నాడు నీకు ఎరుకనేనా?”

“ఎరుకే.”

ఆమె తిట్టలేదు. తిరిగి కట్టడం మొదలుపెట్టింది. నేను లేచి పోలేదు. ఏదో ఒకటి అనాలని తెలుసు. ఒంట్లో ఎక్కడా ఏమీ కదలలేదు. వరుస అయిపోయాక నూలు చుట్టి పక్కన పెట్టి, “చాయ్ వెట్టాల్నా?” అంది. వద్దన్నాను.

ఆదివారం పొద్దున మా ముందు గదిలో మగ్గం మీద బట్ట కప్పి, చాప పరిచారు. మా వైపు ఇద్దరు పెద్దమనుషులు. వదిన వైపు ఆమె నాన్న, పెద్దన్న. అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పటికి అతని సెక్షన్ మారలేదు. అమ్మ వంటింటి గడప దగ్గర. స్టాంపు కాగితం మామయ్య తెచ్చాడు.

మా పెద్దమనిషి దాన్ని నా ముందుకు జరిపాడు. “చదువుకున్నోనివి, చేతిరాత మంచిగుంటది. నువ్వే రాయి బిడ్డా. ఇద్దరికి పొసగక పెద్దల ముంగట విడిపోతున్రు అని రాయి. గంతే.”

పెన్ను తీశాను. ఊరి పేరు, మండలం, ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు రాశాను. ‘పొసగక’ దగ్గరికి వచ్చేసరికి వదిన లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“పొసగక కాదు. ఐదేండ్లు మంచిగనే పొసిగింది. ఉన్నది రాయమనుండ్రి.”

“మగోళ్లు కూసున్న కాడ నీకేం పని?” అంది అమ్మ.

“నా కాయితమే గదత్తమ్మా.”

పెద్దమనిషి నవ్వు మొహం పెట్టాడు. “ఉన్నదేందమ్మా? పిల్లలు కాలేదని రాస్తే నీకే నామోషి. నీ మంచికే పొసగక అంటున్నం.”

“పిల్లలు కాలేదనే రాయుండ్రి. ఎవలి తానుంచి కాలేదో గది గూడ రాయుండ్రి. రేపు నేను ఇంకో ఇంటికి పోతనో, పోనో. గొడ్రాలన్న పేరు మోస్కొని మాత్రం పోను.”

“ఏమంటున్నది ఈ పిల్ల?” అని అమ్మ నన్ను అడిగింది. వదిన నాన్న తల పైకెత్తి అన్నను చూశాడు. అన్న నన్ను చూశాడు. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను. కోపం అనుకున్నాను. కానీ చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు.

“రాయి.”

“ఏం రాయాల్నో తెలుసా నీకు?” అన్నాడు పెద్దమనిషి నాతో.

“వానికి ఎరుకే. రాయి తమ్మీ,” అన్నాడు అన్న.

రాశాను. పెళ్లయిన ఐదేళ్లకు సంతానం కలగలేదు. భార్యకు నల్లగొండలో పరీక్ష జరిగింది, లోపం లేదని తేలింది. భర్తకు భువనగిరిలో పరీక్ష జరిగింది, లోపం ఉన్నట్టు తేలింది. కెమికల్ అని రాయలేదు. అది రుజువు కాలేదు. ‘ఈ విషయం భర్తకు నాలుగు నెలలుగా తెలుసు’ అని రాశాను. బయటికి చదివాను, మూడు నెలల్లో తిరిగి రావచ్చని నోటితో చెప్పాను. చదువుతుంటే అమ్మ గడప మీద కూర్చుండిపోయింది.

“గిట్ల రాస్తే ఆత్మకూరోళ్లు పిల్లనిస్తరా?” అన్నాడు మామయ్య.

“అది మీరు జూస్కోండ్రి,” అంది వదిన.

బాపు అప్పటిదాకా మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు. ముందుకొచ్చి వదినతో, “ఉండరాదు బిడ్డా. ఇప్పుడు తెలిసె గద. వానికి తిరిగొస్తది అంటున్నడు గద వీడు. మూడు నెల్లు జూద్దం,” అన్నాడు.

“నాలుగు నెల్లు ఆ రిపోర్టు నన్ను జూడనిచ్చిన్రా మామా?”

బాపు వెనక్కి జరిగి మగ్గం పక్కకు పోయాడు. పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇలాంటి కాగితం మీద సంతకం ఎప్పుడూ పెట్టలేదన్నాడు ఒకాయన. వదిన పెద్దన్న, పెట్టేదాకా మేం లేవం అన్నాడు. అన్నే ముందు పెన్ను తీసుకుని సంతకం చేశాడు. దాంతో మిగిలినవాళ్లు చేశారు. ఆమె చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

వదిన కాగితం తీసుకుని కింద కూర్చుంది. గ్రాఫు చదివినట్టే చదివింది, పై నుంచి, ఎడమ నుంచి, ఒక్కో వరుస కింద వేలు పెట్టుకుంటూ. చివరి వరుస దగ్గర వేలు ఆగింది.

“భర్తకు తెలుసు అని రాసినవ్.”

“రాసిన.”

“ఇంకొకలకు గూడ ఎరుకనే గదా. గది రాయనేలేదు.”

గదిలో అందరూ ఎవరా అన్నట్టు చూశారు. ఆమె కాగితాన్ని నా ముందు పెట్టింది. వరుసల మధ్య జాగా లేదు. ‘భర్తకు’ తర్వాత చిన్న గుర్తు పెట్టి, పక్కన అంచులో ‘భర్త తమ్మునికి’ అని రాశాను. దాని కింద సంతకం చేసి, తేదీ వేశాను. ఆమె కాగితం అందుకుని మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.